సగం దించిన షట్టరు

చదివేవాళ్ళు ముందే నన్ను మన్నించాలి. నాకు ఒత్తులు సరిగా కుదరవు. ఎక్కడ పెట్టాలో మనసుకు తెలుస్తుంది, చెయ్యి ఇంకోచోట పెడుతుంది. ఒక పేజీ నిండేసరికి పొయ్యి మీద పప్పు ఉడికి చల్లారిపోతుంది కూడా. కోడలు దిద్దుతానంది, నేనే వద్దన్నాను. ఆమె దిద్దితే ఆమె మాట అవుతుంది. ఇది నా నోటితో నేనే చెప్పాల్సిన సంగతి.

అది రెండు వేల పన్నెండు ఎండాకాలం. ఆ ఎండాకాలం నేను మా ఇంటి మడిగెలో గడిపాను. మడిగె అంటే దుకాణం గది. మా పొలం ఎయిర్‌పోర్టు కింద పోయినప్పుడు వచ్చిన దాంతో నా కొడుకు శేఖర్ శంషాబాద్‌లో రోడ్డు పక్కన చిన్న ఇల్లు కట్టాడు. కిరాయికి ఇస్తే ఆసరాగా ఉంటుందని ముందు ఒక మడిగె తీసి షట్టరు పెట్టించాడు. పంచరు దుకాణం అతను కొన్నాళ్ళు ఉండి పోయాడు. గోడలకు అతని చేతుల నల్ల మరకలు అలాగే ఉండిపోయాయి. ఆ గదికి కిటికీ లేదు. వెనక ఇంట్లోకి ఒక తలుపు, దానికి అవతలివైపు గొళ్ళెం. షట్టరు పూర్తిగా ఎత్తితే రోడ్డు మీద పోయేవాళ్ళకు నేను కనబడతాను, పూర్తిగా దించితే ఊపిరాడదు. అందుకని దాన్ని మోకాలెత్తున ఆపి, కింద రెండు ఇటుకలు పెట్టారు.

చలికాలం చివర పట్టుకున్న దగ్గు నన్ను అక్కడికి చేర్చింది. పొద్దుగూకేసరికి ఒళ్ళు కాలేది. రవికెలు వదులైపోయాయి. శేఖర్ తన కారులోనే నన్ను హైవే మీది దవాఖానకు తీసుకుపోయాడు. వాడు ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు.

దవాఖానలో డాక్టరమ్మ అన్నీ అడిగింది, కానీ శేఖర్‌ను అడిగింది. మా దిక్కు అంతే. వెంట వచ్చిన కొడుకు మాట్లాడతాడు. తల్లి నోరు తెరవమంటే తెరుస్తుంది, ఊపిరి పీల్చమంటే పీలుస్తుంది.

"ఈవిడ ఏం పని చేస్తుంటారు?"

"ఏం చెయ్యది మేడం. ఎప్పుడూ ఇంట్లనే ఉంటది."

"వేరే మందులు ఏమైనా వాడుతున్నారా?"

"ఏం లేవు మేడం."

ఆ రెండు మాటలూ నిజం కావు. మొదటిది నిజం కాదని వాడికి తెలుసు. రెండోది నాకొక్కదానికే తెలుసు.

మా ఆయన పోయాక నేను ఎయిర్‌పోర్టు తోటల్లో కూలికి చేరాను. ఆరెంజ్ కోటు వేసుకుని రోడ్డు నడుమ పచ్చికలో గడ్డి పీకేదాన్ని. ఒకప్పుడు మేం జొన్నలు చల్లిన చెలక ఆ పచ్చిక కిందే ఎక్కడో ఉంది. ఆ చలికాలం మమ్మల్ని కొత్వాల్‌గూడ దిక్కు మొక్కలు పెంచే షెడ్డులో వేశారు. ఎండిన పెంటెరువును జల్లెడ పట్టి, మట్టితో కలిపి, నల్ల సంచుల్లో నింపడం పని. జల్లెడ ఊపితే దుమ్ము పొగలా లేచేది. సాయంత్రం ముక్కు చీదితే మట్టే వచ్చేది.

శేఖర్‌కు ఈ పని నచ్చేది కాదు. ఒకసారి నేను పచ్చికలో కూర్చుని ఉండగా వాడి కారు పక్కనుంచే పోయింది. వెనక సీట్లో టై కట్టుకున్న మనిషి ఉన్నాడు. వాడు నన్ను చూశాడు, నేను వాడిని చూశాను. కారు నెమ్మది కాలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నాకిష్టమని జిలేబీ పొట్లం ఇచ్చాడు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. సంబంధం కుదిరినప్పుడు మాత్రం, అమ్మ ఇంట్లోనే ఉంటుందని ఆడపిల్లవాళ్ళకు చెప్పాడు. పెళ్ళికి ముందే నాతో పని మాన్పించాడు.

ఇక మందుల సంగతి. నా మోకాళ్ళ నొప్పులకు మా గల్లీ ఆర్‌ఎంపీ డాక్టరు చిన్న తెల్ల గోలీలు ఇచ్చేవాడు. వేసుకుంటే మోకాళ్ళు దూదిలా తేలికయ్యేవి. మొహం కొంచెం ఉబ్బేది, దాన్ని చూసి అందరూ ఒళ్ళు చేశాననుకునేవారు. పెద్ద డాక్టర్లకు చెప్పొద్దు, తిడతారు అన్నాడాయన. చెప్పడానికి నన్ను అడిగిందెవరు? ఆ గోలీలు ఏళ్ళ తరబడి నా కొంగు ముడిలోనే ఉండేవి.

ఛాతీ ఫోటో తీశారు, తెమడ పరీక్ష చేశారు. టీబీ అన్నారు. పెద్ద పెద్ద గోలీలు ఇచ్చారు. ఆ సాయంత్రం శేఖరే మడిగె ఊడ్చి, మంచం వేసి, టేబుల్ ఫ్యాను పెట్టాడు. నాకొక కంచం, ఒక గ్లాసు, ఒక చెంబు వేరుగా తెచ్చాడు. అన్నీ కొత్తవే. "కొన్నొద్దులే అమ్మా, తగ్గేదాకనే" అన్నాడు. గొళ్ళెం పెట్టిన చప్పుడు మాత్రం రాకుండా చూసుకున్నాడు.

షట్టరు కిందినుంచి నాకు రోడ్డు కనబడేది, కానీ మనుషులు మోకాళ్ళ వరకే. కొన్నాళ్ళకు పాదాలను బట్టి మనుషులను గుర్తుపట్టడం నేర్చుకున్నాను. పక్కింటి కొండమ్మ పాదాలు మా ఇంటి ముందుకు రాగానే రోడ్డు అవతలికి దాటేవి. పాలవాడి సైకిల్ చక్రం ఆగేది కాదు, గిన్నె కింద పెట్టి పోయేవాడు. మధ్యాహ్నం షట్టరు రేకు పెనంలా కాలేది. తలుపు వైపు జరిగితే అక్కడ గాలి లేదు. విమానం దిగేటప్పుడు రేకు గడగడలాడేది. ఆ చప్పుడు ఉన్నంతసేపు నేను గట్టిగా దగ్గేదాన్ని. మిగతా సమయంలో కొంగు నోట్లో కుక్కుకుని దగ్గేదాన్ని. ఇంట్లో కొత్త కోడలుంది.

గోలీలు మింగినా జ్వరం తగ్గలేదు. మూత్రం ఎర్రగా వచ్చేది, అన్నం వాసన పడేది కాదు. పండు మామిడి చీరి పెట్టినా చేదే.

ఒకరోజు షట్టరు ముందు టైరు చెప్పుల పాదాలు ఆగాయి. కొత్తూరు నుంచి వచ్చిన మా వియ్యంకుడు కుర్మయ్య. లోపలికి వంగి చూడలేదు, అక్కడే నిలబడి మాట్లాడాడు.

"తప్పు పట్టకు చెల్లె. పిల్ల కడుపుతోని ఉన్నది. నీకు తెలుసో లేదో."

నాకు తెలియదు. నాకెవరూ చెప్పలేదు.

"మిర్గం దాక, తొలివాన పడేదాక చూస్త. అప్పటికీ నువ్వు గిట్లనే దగ్గుతుంటే పిల్లను తోల్కపోత. పురుడు అయినంక గూడ పంపుతనో పంపనో చెప్పలేను. నీ మీద కోపం కాదు."

"నీ పిల్ల కదా అన్నా" అన్నాను. ఇంకేం అనగలను?

మరునాడు శేఖర్ తలుపు సందులోంచి మాట్లాడాడు. కొత్వాల్‌గూడ దగ్గర ఎవరిదో తోట ఉందట, వాచ్‌మన్ గది ఖాళీగా ఉందట, గాలి బాగుంటుందట. వారానికొకసారి తను వచ్చి చూసిపోతాడట. వాడు చెప్పేటప్పుడు వాడి కాలి బొటనవేలు గడపను గీకుతూనే ఉంది. ఆ గదిలోకి పోతే మళ్ళీ ఎవరూ నన్ను వెనక్కి తీసుకురారని నాకు అర్థమైంది. వాడికి కూడా అర్థమైందనుకుంటాను.

కోడలు సునీత పాదాలు నాకు బాగా గుర్తు. నల్ల చెప్పులు, కొత్త మట్టెలు. మధ్యాహ్నం ఆఫీసు వ్యాను వచ్చేది. వ్యాను కోసం నిలబడే చోటు మా మడిగె ముందే. మొదట్లో దూరంగా నిలబడేది. తర్వాత ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని షట్టరు పక్కనే కూర్చోవడం మొదలుపెట్టింది. శేఖర్ కోప్పడితే, బయట గాలికే కూర్చున్నానని చెప్పింది.

ఆమె అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుని ఆ ఉద్యోగంలో చేరింది. అదేం పనో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు అడిగాను.

"అమెరికాల ఒక పెద్దామె దవాఖానకు పోతది అత్తమ్మా. అక్కడి డాక్టరు ఆమె గురించి రాస్తడు. ఆ కాగితం మాకొస్తది. నేను చదివి, ఏ రోగానికి ఏ నంబరో ఆ నంబరు పెడ్త. అది చూసి బీమావాళ్ళు పైసలు కడ్తరు."

"ఆమెను నువ్వు చూడవా?"

"ఎక్కడ చూస్త? బతికిందో లేదో గూడ తెల్వది. కాగితమే నాకు మనిషి."

"కాగితంల తప్పుంటే?"

"నాకు సమజైనా నేను దిద్దొద్దు. డాక్టరుకే ప్రశ్న రాసి పంపాలె. ఆయన రాయనిదానికి నంబరు లేదు. బయట చూపించుకొని పోయేటోళ్ళకు 'కావచ్చు' అని రాస్తే ఆ రోగం నంబరు పెట్టొద్దు. దగ్గు అని ఉంటే దగ్గు నంబరే."

వ్యాను వచ్చింది, ఆమె పోయింది. ఆ పూట నేను ఆ అమెరికా పెద్దామె గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. ఆమెకు కూడా పక్కన కొడుకు కూర్చుని సమాధానాలు చెబుతాడేమో అనుకున్నాను.

రెండు మూడు రోజుల తర్వాత సునీత నా దవాఖాన కాగితాలు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. పేజీలు తిప్పే చప్పుడు వినిపించింది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. డాక్టరమ్మ తన చేత్తో రాసిన దాంట్లో టీబీ కావచ్చు అని ఉంది, పక్కన ప్రశ్న గుర్తు కూడా ఉంది. తెమడ పరీక్ష కాగితంలో అనుమానంగా ఉంది, మళ్ళీ చేయాలి అని ఉంది. మళ్ళీ చేసినట్టు ఎక్కడా లేదు. సర్కారు వైద్యానికిచ్చే కార్డుల కౌంటరులో టైపు కొట్టిన కాగితానికి వచ్చేసరికి 'కావచ్చు' పోయింది, ఉత్త టీబీ మిగిలింది. అక్కడి నుంచి ప్రతి కాగితమూ దాన్నే చూసి రాసింది.

"మా ఆఫీసుల నేను గిట్ల చేస్తే తెల్లారేసరికి నా తప్పు బోర్డు మీద ఉంటది" అంది.

"అంటే నాకు టీబీ లేదా బిడ్డా?"

"నాకెట్ల తెలుస్తది అత్తమ్మా? నేను డాక్టర్ను కాదు. ఉందని ఎవ్వరూ గట్టిగ రాయలే. నేను చెప్పగలిగేది గంతే."

మళ్ళీ పేజీ తిప్పింది.

"పని లేదు, ఇంట్లనే ఉంటదని రాసిండ్రు. మా పెండ్లికి ముందు గూడ ఇంట్లనేనా?"

శేఖర్ వాళ్ళకు చెప్పిన మాటను నేనెలా తీసేస్తాను? ఊరికే ఉండలేక, ఖాళీ గ్లాసును నీళ్ళ కోసం షట్టరు కిందినుంచి బయటికి జరిపాను. ఆమె గ్లాసు తీసుకోలేదు. నా చేతిని చూస్తోందని తెలిసింది. గోళ్ళ చుట్టూ నల్లగా పగిలిన గీతలు, అరచేతిలో కాయలు, ముళ్ళు గీసిన మచ్చలు. పని మానేసి ఇన్ని నెలలైనా అవి పోలేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. ఆమె రెండు వేళ్ళతో నా మణికట్టు పట్టుకుంది. ఆ ఎండాకాలం నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆమే.

"నాకు చెప్పకు" అంది. "నాకు చెప్తే నేనేం చేస్త? నేను రాసేదాన్ని కాదు. ఆ డాక్టరమ్మకు చెప్పు. ఆమె అడుగుతది, మళ్ళ మొదటినుంచి అడుగుతది. అడిగినప్పుడు నువ్వే చెప్పు."

మిర్గానికి ముందు వారం దవాఖానకు పోయాం. సునీత రాలేదు, కడుపుతో ఉన్నామె ఆ వార్డులోకి రాకూడదన్నారు. డాక్టరమ్మది ఆంధ్రా దిక్కు, మాట మెత్తగా ఉంటుంది. కొత్త ఫోటో చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఇన్నాళ్ళు మందులు వాడినా మచ్చ పెరిగిందంటే ఇది మొండి టీబీ అయి ఉండొచ్చు, పట్నంలో పెద్ద దవాఖానకు పంపాలి అని శేఖర్‌తో అంది. పంపేముందు అన్నీ మళ్ళీ రాయాలని కొత్త కాగితం తీసింది. పేరు. వయసు.

"ఏం పని చేస్తుంటారు?"

"ఇంట్లనే—"

"తోటపని" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. శేఖర్ నా వైపు తిరగలేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూస్తున్నాడు. డాక్టరమ్మ పెన్ను ఆగింది. కుర్చీని శేఖర్ ముందు నుంచి నా ముందుకు జరుపుకుంది.

"ఏ తోట అమ్మా? మీరు చెప్పండి."

చెప్పాను. ఎయిర్‌పోర్టు తోటలు, షెడ్డు, జల్లెడ, దుమ్ము. ఎరువు పచ్చిదా ఎండినదా అని అడిగింది. మొహానికి గుడ్డ కట్టుకునేవాళ్ళా అని అడిగింది. ఎరువులో ఇంకేం కలిపేవారో కనుక్కుని రమ్మని శేఖర్‌కు చెప్పింది. నన్ను అంతసేపు ఎవరైనా వినడం నాకు గుర్తులేదు. వేరే మందులు ఉన్నాయా అంటే కొంగు ముడి విప్పి తెల్ల గోలీలు బల్ల మీద పెట్టాను. ఒక గోలీని వేలితో తిప్పి చూసింది. తిట్టలేదు. వీటిని హఠాత్తుగా ఆపకూడదు, నేను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గిద్దాం అంది. తర్వాత చాలాసేపు రాసింది.

మట్టిలో ఒక పురుగు ఉంటుందట. కంటికి కనబడనిది. ఇలాంటి గోలీలతో ఒంట్లో శక్తి తగ్గినవాళ్ళకు దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుందట. అద్దం కింద చూస్తే ఒక్కోసారి టీబీ పురుగులా కనబడుతుందట. కాకపోతే అది మామూలు పురుగులకంటే నిదానంగా పెరుగుతుంది. తెమడను గాజు పళ్ళెంలో వేసి పెంచుతారు, నాలుగు రోజుల్లో ఏమీ కనబడకపోతే పారేస్తారు. ముందే రాసి పంపితే ఉంచుతారు.

"ఉంచమని రాశాను" అంది. "అదే అవునని చెప్పడం లేదమ్మా. చూద్దాం అంటున్నాను."

కారు దవాఖాన గేటు దాటింది.

"ఇంట్లనే ఉంటదని చెప్పి చేసుకున్న పెండ్లి" అన్నాడు శేఖర్. "ఇప్పుడు వాళ్ళకేం చెప్పాలె నేను?"

నాకు దగ్గు తెర వచ్చింది. అద్దం దించి బయటికి దగ్గాను. ఎయిర్‌పోర్టు రోడ్డు మీదికి ఎక్కాం. రోడ్డు నడుమ పచ్చికలో ఆరెంజ్ కోట్లు వరుసగా కూర్చుని ఉన్నాయి. మా గుంపే. కారు వాళ్ళను దాటింది. దాటి కొంచెం దూరం పోయి పక్కకు ఆగింది. శేఖర్ స్టీరింగ్ పట్టుకుని ఒక నిమిషం అలాగే కూర్చున్నాడు. తర్వాత దిగి, తెల్ల యూనిఫాం చొక్కా సర్దుకుని, ఎండలో వెనక్కి నడిచాడు.

గుంపులో లింగమ్మ అందరికంటే పెద్దది, నోరు కూడా పెద్దదే. ఆమె లేచి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఏం రా శేఖరూ, ఇన్నొద్దులకు నీ బండికి బ్రేకులు పడ్డయా?"

ఆడవాళ్ళంతా నవ్వారు. వాడు తల దించుకుని నిలబడ్డాడు, కానీ కదల్లేదు. ఎరువులో ఏం కలిపేవారో అడిగాడు. లింగమ్మ చేతులు తిప్పుతూ అంతా చెప్పింది. ఆ తర్వాత కారు దగ్గరికి వచ్చి, అద్దంలోంచి చెయ్యి లోపల పెట్టి నా చెంప తడిమింది. "బొక్కలు, తోలే మిగిలినయి గదనే. నీ తావుల ఎవరినీ కూసోనియ్యలే" అంది. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. అంతవరకు రాలేదు.

మిర్గం వచ్చింది. మొదటి వాన షట్టరు మీద రాళ్ళు వేసినట్టు పడింది. కింద సందులోంచి నీళ్ళు లోపలికి వచ్చి మంచం కాళ్ళు తడిశాయి. దవాఖాన నుంచి ఇంకా కబురు లేదు. వానలోనే టైరు చెప్పులు వచ్చాయి, వాటి ఎదురుగా శేఖర్ బూట్లు నిలబడ్డాయి. మంచం మీదినుంచి ఆ నాలుగు పాదాలనే చూస్తున్నాను. కుర్మయ్య చేతిలోని సంచి కింద పెట్టాడు. కూతురి బట్టలకు తెచ్చిన ఖాళీ సంచి అది.

"మామా" అన్నాడు శేఖర్. "మా అమ్మ ఎయిర్‌పోర్టు తోటలకు కూలికి పోయేది. ఇంట్లనే ఉంటదని మీకు అబద్ధం చెప్పిన."

కుర్మయ్య తువ్వాల పిండిన నీళ్ళు టైరు చెప్పుల మీద పడ్డాయి.

"గంతేనా?" అన్నాడు కుర్మయ్య. "మా ఇంటిది కంపెనీ క్యాంటీన్ల గిన్నెలు తోముతది. ఆ ముచ్చట నిన్నెవరడిగిండ్రు? దగ్గు సంగతి చెప్పు."

శేఖర్ బూట్లు ఒక అడుగు వెనక్కి వేశాయి. ఆ ఒక్క అబద్ధం కోసం నేను ఎన్ని నెలలు నోరు మూసుకున్నానో వాడికీ తట్టి ఉంటుంది. పరీక్ష సంగతి చెప్పాడు. కుర్మయ్య విని, ఇగ కాగితం రానీ అన్నాడు. దాని మీద టీబీ అని ఉంటే సంచి నిండుతుంది, లేకుంటే ఖాళీగానే తీసుకుపోతానన్నాడు.

కబురు వచ్చేసరికి వాన నీళ్ళకు గోడ మరకలు జారి నేలంతా నల్లబడింది. శేఖర్, నేను, ఈసారి సునీత కూడా పోయాం. డాక్టరమ్మ తన గదిలోంచి లేచి బయటికి వచ్చి చెప్పింది. పళ్ళెంలో తెల్లటి సుద్దపొడిలా పెరిగిందట. పేరు నొకార్డియా. చాలా అరుదు, ఈ దవాఖానలో తను మొదటిసారి చూస్తున్నానంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు అంది. ఆ మాటను శేఖర్ రెండోసారి చెప్పించుకున్నాడు. టీబీ మందులు ఆపేసింది. వేరే గోలీలు, నెలల తరబడి. ముందు కొన్నాళ్ళు మంచం మీద పెట్టి సూది మందు ఎక్కించాలంది.

మంచం కావాలంటే కార్డు కౌంటరు. అక్కడి అతను కంప్యూటరులో వెతికాడు, మళ్ళీ వెతికాడు. మంచివాడే. ఆ పేరు తన జాబితాలో లేదన్నాడు.

"టీబీ అని పెడ్త అన్నా. ఇయ్యాల్నే మంచం దొరుకుతది. మందు డాక్టరమ్మ ఇచ్చేదే ఇస్తది, పేరుదేముంది? ఈ పేరే కావాలంటే పైకి రాసి పంపాలె. జవాబు ఎప్పుడొస్తదో నేను చెప్పలేను."

సునీత బెంచీ మీదినుంచి సగం లేచింది, మళ్ళీ కూర్చుంది. పెదవులు బిగించుకుంది. పేరుదేముంది అంటాడు. టీబీ అన్న పేరు మీదే నా గొళ్ళెం ఉంది.

శేఖర్ ఏదో చెప్పబోయి ఆగాడు. నా వైపు తిరిగాడు.

"ఏం రాయాలె అమ్మా?"

వాడు పుట్టినప్పటి నుంచి నన్ను అలా అడగడం అదే మొదటిసారి. "ఉన్నదే రాయమను" అన్నాను. "ఆగుత."

కౌంటరతను నిట్టూర్చి కొత్త కాగితం తీశాడు. పేరు అన్నాడు. శేఖర్ కౌంటరు ముందు నుంచి పక్కకు జరిగాడు. నేను ముందుకు పోయి ఆ చిన్న కిటికీ దగ్గర నిలబడి, అడిగినవన్నీ చెప్పాను.

జవాబు రాలేదు కాబట్టి మళ్ళీ మడిగెలోకే వచ్చాను. అంటుకోదని తెలిసినా, కాగితం వచ్చేదాకా అని అందరూ అనుకున్నారు, నేను కూడా అనుకున్నాను. డాక్టరమ్మ అంతవరకు ఊరికే ఉండొద్దని గోలీలు మొదలుపెట్టింది. ఎదురుచూడటం మునుపటికంటే కష్టమైంది. గొళ్ళెం తీయడానికి కారణం ఉంది, తీసేవాళ్ళు లేరు.

ఆ రోజుల్లోనే సునీత ఒక పలక, బలపం షట్టరు కిందినుంచి లోపలికి జరిపింది. ఆమె ఆఫీసు పుస్తకంలో నా రోగానికి నంబరు ఉందట. సున్నా, మూడు, తొమ్మిది, ఒక చుక్క, ఒకటి. పలక మీద పైన రాసి ఇచ్చింది. ఇక్కడ ఎవరికీ అక్కరకు రాదు, ఊరికే అని నవ్వింది. నాకు ఊరికే అనిపించలేదు. నంబరు పెట్టారంటే ఇంతకుముందు ఎవరికో వచ్చిందన్నమాట. ఎక్కడో ఎవరో నాలాగే దగ్గారన్నమాట. నేను మొదట రాయడం నేర్చుకున్నది నా పేరు కాదు, ఆ నంబరు. తొమ్మిదికి తోక చాలా రోజులు అటువైపు తిరిగేది.

కాగితం వచ్చేసరికి నా జ్వరం అప్పటికే దిగడం మొదలైంది. శేఖర్ దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చాడు. కుర్మయ్యను పిలిపించాడు. ఆయనకూ అప్పటి నాలాగే చదువు రాదు. కాగితాన్ని పై నుంచి కిందికి వేలితో తడుముతున్న చప్పుడు వినిపించింది.

"ఆ మాట ఉన్నదా బిడ్డా దీంట్ల?"

"లేదు బాపు" అంది సునీత.

ఆయన వంగి ఇటుకలు తీశాడు. శేఖర్ అటు, ఆయన ఇటు పట్టి షట్టరు ఎత్తారు. తుప్పు పట్టి అది కీచుమంటూ ఆగింది, మళ్ళీ కదిలింది. వెలుతురు ఒక్కసారిగా మొహం మీద పడి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఎదురుగా నల్ల చెప్పులు, మట్టెలు, వాటి మీద మనిషి. ఎండాకాలమంతా పాదాలుగానే చూసిన నా కోడలు. చీర కుచ్చిళ్ళ మీద కడుపు అప్పుడే కొంచెం కనబడుతోంది. ఆమె లోపలికి వచ్చి నా మంచం మీద, నా పక్కనే కూర్చుంది.

తర్వాత దవాఖానలో మంచం, ఆ తర్వాత నెలలు నెలలు గోలీలు. ఆ నెలల్లోనే అక్షరాలు నేర్చుకున్నాను. మనవరాలు పుట్టింది. కొండమ్మ ఇప్పటికీ మా ఇంట్లో మంచినీళ్ళు తాగదు, ఎండలో వచ్చినా తాగదు. మా గల్లీలో ఎవరికైనా దారి చెప్పాలంటే ఇప్పటికీ టీబీ ఆమె ఇల్లు అనే చెబుతారు. అవి చెరిపే కాగితం ఏ కౌంటరులోనూ దొరకదు. నేను మళ్ళీ లింగమ్మ పక్కన నా తావులోకి పోయాను. జల్లెడ ముట్టుకోను. నీళ్ళు పెడతాను, మొహానికి గుడ్డ కట్టుకుంటాను. శేఖర్ కారు అటు పోతే హారన్ కొడతాడు. లింగమ్మ తిడుతుంది.

మొన్న మళ్ళీ ఛాతీ ఫోటో కోసం పోతే కౌంటరులో ఒక కాగితం ఇచ్చారు. శేఖర్ జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, నా చేతికిచ్చాడు. వెనక వరుస పెరుగుతోంది, ఎవరో విసుక్కున్నారు. వాడు వాళ్ళకు ఏదో సర్దిచెప్పాడు. నేను నిదానంగా రాశాను. అక్కడ ఏం రాశానో ఇక్కడా అదే రాస్తున్నాను.

పేరు: సక్కుబాయి
వయసు: యాభై ఏడు
పని: తోటపని
ఉండేది: శంషాబాద్‌లో, కొడుకు ఇంట్లో, ముందు గదిలో. షట్టరు తీసేసి తలుపు, కిటికీ పెట్టించాం.